ఇంటి పన్నులో సగానికి పైగా బడికే: టెక్సాస్‌లో మన స్కూల్ డిస్ట్రిక్టులు పుచ్చుకున్న డబ్బుకు తగినంత చేస్తున్నాయా?

కొలిన్_గృహస్థుడు

అందరికీ నమస్కారం. ఈ నెలలో ఇళ్లకు విలువ కట్టే అప్రైజల్ డిస్ట్రిక్టు నుంచి నోటీసు వచ్చిన వారానికే, పన్ను కోసం నెలనెలా జమచేసే ఎస్క్రో ఖాతాలో డబ్బు తక్కువైందని మార్ట్‌గేజ్ కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. అప్పుడు గాని నేను నిరుటి పన్ను బిల్లును వరుస వరుసా చదవలేదు. ఇంటి విలువ 6,40,000 డాలర్లు. సొంతదారు కాపురముండే ఇంటికిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపు 1,40,000 పోగా మిగిలిన 5 లక్షల మీద, నూటికి ఒక డాలరు మూడు సెంట్ల చొప్పున, ఈ ప్రాంతపు ప్రభుత్వ బళ్లను నడిపే స్కూల్ డిస్ట్రిక్టుకే 5,150 డాలర్లు కట్టాను. నగరానికి, కౌంటీకి, కమ్యూనిటీ కాలేజీకి వెళ్లినదంతా కలిపినా అంత లేదు.

కట్టడానికి నాకు బాధ లేదు. అయితే మా అబ్బాయి నాలుగో తరగతి గదిలో 25 మంది ఉన్నారు. నాలుగో తరగతి వరకు గదికి 22 మందికి మించరాదని రాష్ట్ర చట్టం చెబుతుంటే, మా వాళ్లు మినహాయింపు తెచ్చుకుని ముగ్గురిని అదనంగా కూర్చోబెట్టారు. లైబ్రేరియన్ వారంలో సగం రోజులు వేరే బడికి వెళతారు. లెక్కల కోసం బయట కుమాన్ ట్యూషన్‌కు విడిగా నెలనెలా కడుతున్నాను. ఇంటి విలువలు ఆరేళ్లలో ఇంత పెరిగాయి గదా, ఆ పెరిగిన పన్నంతా ఎక్కడికి పోతున్నట్టు? తెలిసినవారు చెప్పగలరు.

పద్దుల_పరిశీలకుడు

గృహస్థుడు గారూ, మీ ప్రశ్నలోనే ఒక పొరపాటు అభిప్రాయం దాగి ఉంది. ఇంటి విలువ పెరిగితే డిస్ట్రిక్టు చేతికి ఎక్కువ డబ్బు వస్తుందని మనమంతా అనుకుంటాం. నడుపుకునే ఖర్చుల వరకు టెక్సాస్‌లో అలా జరగదు.

మీరు కట్టే స్కూలు పన్నులో రెండు పాయలు ఉంటాయి. మొదటిది ఎం అండ్ ఓ, అంటే జీతాలు, కరెంటు, బస్సులు వంటి నిర్వహణ ఖర్చులకు. రెండవది ఐ అండ్ ఎస్, అంటే ఓటర్లు ఆమోదించిన బాండ్ల అప్పు తీర్చడానికి. మొదటి పాయ విషయంలో, ఒక డిస్ట్రిక్టుకు ఎంత రావాలో రాష్ట్రమే ముందు లెక్క కడుతుంది. దానికి పునాది విద్యార్థికి ఇంత అని నిర్ణయించిన బేసిక్ అలాట్‌మెంట్. ఆ మొత్తంలో స్థానికంగా పన్ను రూపంలో వచ్చినదాన్ని తీసివేసి, మిగిలినది మాత్రమే రాష్ట్ర ఖజానా ఇస్తుంది. కాబట్టి మీ వీధిలో విలువలు పెరిగి స్థానిక వసూలు పెరిగితే ఆ మేరకు రాష్ట్రం వాటా తగ్గుతుంది. డిస్ట్రిక్టు బిందె నిండేది అంతవరకే. పోసే చేతులు మాత్రం మారుతాయి.

ఇప్పుడు ఆ పునాది సంగతి చూడండి. 2019లో హౌస్ బిల్ 3 వచ్చినప్పుడు విద్యార్థికి 5,140 డాలర్లు ఉన్నదాన్ని 6,160 చేశారు. తరువాత ఆరేళ్లు అది కదలలేదు. 2025లో హౌస్ బిల్ 2 ద్వారా 55 డాలర్లు కలిపి 6,215 చేశారు. ఆ మధ్యకాలంలో ధరలు ఐదవ వంతుకు పైగా పెరిగాయి. మీ అబ్బాయి తరగతిలో 25 మంది ఉండటానికి, మీ లైబ్రేరియన్ రెండు బళ్లు తిరగటానికి నాకు కనిపించే మొదటి కారణం ఇదే.

పన్ను రేట్లు కూడా నిజానికి తగ్గాయి. డాలస్ శివారు ఫ్రిస్కోలో 2018లో నూటికి 1.44 డాలర్లు ఉన్న రేటు ఇప్పుడు ఒక డాలరు పైన రెండు మూడు సెంట్ల దగ్గర ఉంది. హోమ్‌స్టెడ్ మినహాయింపు 2015లో 25,000 ఉండేది. 2022లో 40,000, 2023లో లక్ష, 2025 నవంబరు ఓటుతో 1,40,000 అయింది. ఈ తగ్గింపుల వల్ల డిస్ట్రిక్టుకు వచ్చిన లోటును రాష్ట్రం పూడుస్తోంది. అది లోటును పూడ్చటమే తప్ప బడికి కొత్త డబ్బు కాదు.

పాతకాపు_ప్లేనో

పద్దుల వారు మర్యాదగా దాటవేసిన మాట నేను చెబుతాను: రాబిన్ హుడ్. నేను 1998 నుంచి ప్లేనోలో ఉన్నాను. మా డిస్ట్రిక్టులో వసూలైన పన్ను, రాష్ట్రం కట్టిన లెక్కకు మించి ఉన్నదని చెప్పి, ఆ మించినదాన్ని ఏళ్లుగా రాష్ట్ర రాజధాని ఆస్టిన్‌కు పంపుతున్నాం. దీనికి వారు పెట్టిన పేరు రీక్యాప్చర్. ఒకవైపు ఆ చెక్కులు రాస్తూ, మరొకవైపు పిల్లలు తగ్గారని, ఖర్చు భరించలేమని 2024లో మా బోర్డు నాలుగు బళ్లు మూసివేయడానికి ఓటు వేసింది. రెండు ప్రాథమిక పాఠశాలలు, రెండు మిడిల్ స్కూళ్లు. ఇందులో పన్నుదారుడికి దక్కిన విలువ ఏమిటో నాకైతే బోధపడలేదు.

ఇక బాండ్ల మాట. మా పక్కనున్న అలెన్‌లో 6 కోట్ల డాలర్లు పెట్టి 18,000 మంది కూర్చునే హైస్కూలు ఫుట్‌బాల్ స్టేడియం కట్టారు. 2012లో తెరిచారు, కాంక్రీటు పగుళ్లిచ్చిందని 2014లో మూసి, మరుసటేడు మళ్లీ తెరిచారు. మన పిల్లల్లో ఎందరు ఆ మైదానంలో అడుగుపెడతారు? మార్చింగ్ బ్యాండులో ఉన్నవాళ్లు తప్ప.

విశ్రాంత_హెడ్మాస్టరు

నేను గుంటూరు జిల్లాలో జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పనిచేసి విరమించినవాడిని. అమ్మాయి ఇంటికి ఆరు నెలల కోసం వచ్చాను. పన్ను కట్టేవాడిని కాను గనుక మాట్లాడే హక్కు ఉందో లేదో తెలియదు. కానీ ఈ రాబిన్ హుడ్ మాట విన్నాక దాని పుట్టుక ఏమిటని అల్లుడిని అడిగి, దొరికినంత చదివాను.

శాన్ ఆంటోనియోలో ఎడ్జ్‌వుడ్ అని ఒక పేద డిస్ట్రిక్టు ఉన్నది. అదే కౌంటీలో అలమో హైట్స్ అని మరొకటి. రాష్ట్ర సుప్రీంకోర్టు 1989లో తీర్పు చెప్పేనాటికి ఎడ్జ్‌వుడ్‌లో ఒక్కో విద్యార్థి వెనుక ఉన్న ఆస్తి విలువ 38,854 డాలర్లు. అలమో హైట్స్‌లో 5,70,109 డాలర్లు. అంటే ఎడ్జ్‌వుడ్ వారు ఎంత రేటు వేసుకున్నా వచ్చేది కొంతే. అంతకు ముందు 1973లో అదే ఎడ్జ్‌వుడ్ తల్లిదండ్రుల దావాను దేశ సుప్రీంకోర్టు ఐదుగురికి నలుగురి తేడాతో తోసిపుచ్చింది. పదహారేళ్ల తరువాత రాష్ట్ర కోర్టు ఏకగ్రీవంగా వారి పక్షాన నిలిచింది. కొన్ని ప్రయత్నాలు వీగిపోయాక 1993లో ఈ రీక్యాప్చర్ పద్ధతి చట్టమైంది.

పాతకాపు గారు అన్యథా భావించవద్దు. మా బడికి డబ్బు ఎప్పుడూ హైదరాబాదు నుంచో, తరువాత అమరావతి నుంచో రావలసిందే. ఊళ్లో వసూలైన ఇంటి పన్నుతో పంతులు జీతం ఇవ్వాలంటే మా మండలంలో సగం బళ్లు ఏనాడో మూతపడేవి. ఇంటి పన్నుతో పాటు గ్రంథాలయ పన్ను వసూలు చేసే ఏర్పాటు మనకూ 1960 నాటి చట్టం నుంచి ఉన్నది, ఇప్పుడది రూపాయికి ఎనిమిది పైసలు. కట్టిన ఊరివారెవరూ గ్రంథాలయానికి వెళ్లి మా ఎనిమిది పైసలు ఏమయ్యాయని అడగగా నేను చూడలేదు. ఇక్కడ నన్ను ఆశ్చర్యపరచినది అదే: బిల్లులో బడి వాటా విడిగా అచ్చువేసి చూపిస్తున్నారు, దాని మీద మీరు ఇంత తర్కిస్తున్నారు.

పాతకాపు_ప్లేనో

మాస్టారూ, ఎడ్జ్‌వుడ్ పిల్లలకు డబ్బు వెళ్లటం మీద నాకు కోపం లేదు. నేను పంపిన డబ్బు ఎడ్జ్‌వుడ్‌కే అదనంగా చేరుతున్నదా, లేక రాష్ట్రం తన వాటా తగ్గించుకోవడానికి వాడుకుంటున్నదా అన్నదే నా ప్రశ్న.

పద్దుల_పరిశీలకుడు

న్యాయమైన ప్రశ్న. చాలా మేరకు మీరన్న రెండవదే. రీక్యాప్చర్ డబ్బు పేద డిస్ట్రిక్టుకు నేరుగా వెళ్లదు. రాష్ట్రం విద్యకు ఇవ్వవలసిన మొత్తంలో జమ అవుతుంది. ఇళ్ల విలువల పెరుగుదలతో పాటు బేసిక్ అలాట్‌మెంట్‌ను కూడా పెంచి ఉంటే ఎడ్జ్‌వుడ్‌కూ మేలు జరిగేది, ప్లేనోకూ జరిగేది.

స్టేడియం విషయంలో ఒక సవరణ. బాండు డబ్బుతో జీతాలు ఇవ్వడం చట్టరీత్యా కుదరదు. స్టేడియం కట్టకపోతే ఆ 6 కోట్లతో టీచర్లను పెట్టేవారన్న వాదన నిలవదు. కట్టకపోతే మీ ఐ అండ్ ఎస్ రేటు కొంచెం తగ్గేది, అంతే. ఇంకొక చిక్కు కూడా ఉంది: ఐ అండ్ ఎస్ వసూలు రీక్యాప్చర్ పరిధిలోకి రాదు. అంటే బాండు ద్వారా రాబట్టిన ప్రతి డాలరూ ఊళ్లోనే ఉంటుంది. టీచరుకు జీతం పెంచడం కన్నా భవనం కట్టడమే డిస్ట్రిక్టుకు సులువయ్యేలా రాష్ట్రమే దారి వేసింది. చక్కని భవనంలో కిక్కిరిసిన తరగతి ఎందుకున్నదని అడిగేవారికి ఇదీ ఒక సమాధానం.

వ్యాలీ_రాంచ్_వాసి

నా అనుభవం వేరు. అర్వింగ్ నగరంలోని వ్యాలీ రాంచ్‌లో ఉంటాను, కాని మా అపార్టుమెంటు కాపెల్ ఐఎస్‌డీ, అంటే కాపెల్ స్కూల్ డిస్ట్రిక్టు హద్దులో ఉంది. నగరం ఒకటి, స్కూల్ డిస్ట్రిక్టు ఇంకొకటి. ప్లేనో నగరంలో ఉంటూ ఫ్రిస్కో ఐఎస్‌డీలో చదివించే స్నేహితులూ ఉన్నారు. ఆ కనిపించని గీతకు ఇవతల అద్దె ఎక్కువ, అవతల తక్కువ. అంటే నేను సొంత ఇల్లు లేకున్నా అద్దెలో కలిపి స్కూలు పన్ను కడుతూనే ఉన్నాను. హోమ్‌స్టెడ్ మినహాయింపు సొంతదారు కాపురముండే ఇంటికే వర్తిస్తుంది గనుక మా అపార్టుమెంటు మొత్తం విలువ మీద పన్ను పడుతుంది. మినహాయింపు 1,40,000 అయిందని మీరంతా సంబరపడిన రోజున మా అద్దె ఒక్క డాలరు తగ్గలేదు.

అసలు సంగతి అది కాదు. పదకొండేళ్లుగా హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉన్నాను. గ్రీన్‌కార్డు వరుసలో నా వంతు ఎప్పుడో దేవుడికే తెలుసు. నా ఇద్దరు పిల్లలు ఈ బళ్లలోనే చదువుతున్నారు. బోర్డు సభ్యులను ఎన్నుకునే మే నెల ఎన్నికలోగాని, బాండు ఎన్నికలోగాని నాకు ఓటు లేదు. గ్రీన్‌కార్డు వచ్చినా ఉండదు, పౌరసత్వం రావాలి. మా బడి పేరెంట్ సమావేశానికి వెళితే గదిలో సగం మంది మనవాళ్లే. ఓటు ఉన్నవారు చేతులెత్తమంటే నాలుగైదు చేతులు లేస్తాయేమో. డబ్బుకు తగిన విలువ దక్కుతున్నదా అని లెక్క అడిగే అధికారం, ఇస్తున్నవాడికి లేకపోతే ఆ లెక్క ఎవరికి చెబుతారు?

ఇద్దరు_పిల్లల_తల్లి

ఇంతవరకు ఎవరూ చెప్పని ఒక పద్దు గురించి రాస్తాను. మా చిన్నబ్బాయికి ఆటిజం ఉంది. ఇక్కడ బడిలో చేరినప్పటి నుంచి డిస్ట్రిక్టు వారే స్పీచ్ థెరపీ, ఆక్యుపేషనల్ థెరపీ ఇస్తున్నారు. తరగతిలో పక్కన ఒక సహాయకురాలు ఉంటుంది. ప్రత్యేకమైన బస్సు ఇంటి గుమ్మం దగ్గరికి వస్తుంది. హైదరాబాదులో ఉన్న రెండేళ్లు తరగతిలో వాడి పక్కనుండే షాడో టీచరు జీతం మేమే ఇచ్చేవాళ్లం, థెరపీకి విడిగా ఇచ్చేవాళ్లం, అయినా మూడు బళ్లు సీటు లేదని పంపేశాయి. మేము కట్టే స్కూలు పన్ను మా వాడి మీద పెట్టే ఖర్చులో ఒక మూలకు రాదు. పిల్లలు లేనివారు, పిల్లలు ఎదిగి వెళ్లిపోయినవారు కడుతున్నందువల్ల మా వాడు మాట్లాడటం నేర్చుకున్నాడు.

అయితే ఇదంతా దయతో దానంతటదే వచ్చిందనుకోకండి. ఇది 1975 నాటి ఫెడరల్ చట్టం ఇచ్చిన హక్కు. ఆ హక్కు ఉండగానే టెక్సాస్ 2004 నుంచి ప్రత్యేక విద్య పొందే పిల్లలు 8.5 శాతం మించకూడదన్నట్టు డిస్ట్రిక్టులకు లక్ష్యం పెట్టింది. అది చట్టవిరుద్ధమని 2018 జనవరిలో ఫెడరల్ విద్యాశాఖ తేల్చింది. ఆ మధ్య ఏళ్లలో ఎంతమంది తల్లులను ‘మీ బాబు నెమ్మదిగా నేర్చుకుంటాడులెండి’ అని వెనక్కి పంపారో. మా వాడికి ప్రత్యేక విద్య అవసరమో కాదో తేల్చే మొదటి పరీక్ష కోసం మేము కూడా మూడు ఉత్తరాలు రాయవలసి వచ్చింది. ఇక్కడ విలువ దక్కుతుంది, కాని అడగటం తెలిసినవారికి ముందు దక్కుతుంది.

కొలిన్_గృహస్థుడు

అమ్మా, మీరు రాసినది చదివాక నా 25 మంది గొడవ చిన్నదిగా తోచింది. అయినా నా సందేహం పూర్తిగా తీరలేదు, మరో వైపు నుంచి అడుగుతాను.

మేము ఈ ఇల్లు కొన్నది బడి రేటింగు చూసి. రియల్టర్ మొదటి కాగితమే అది చూపించాడు. కాని మా వీధిలో పిల్లల్లో ఎక్కువమంది కుమాన్‌కో, రష్యన్ మ్యాథ్‌కో వెళతారు; ఇంట్లో అమ్మానాన్నలు ఇద్దరూ ఇంజనీర్లు. ఈ పిల్లలను ఏ బడిలో కూర్చోబెట్టినా మార్కులు వస్తాయి. అప్పుడు ఆ ‘ఎ’ గ్రేడు డిస్ట్రిక్టు సంపాదించినదా, మనం ఇంటి నుంచి పట్టుకెళ్లి ఇచ్చినదా? మనమే ఇచ్చినదైతే, దాన్నే మళ్లీ ఇంటి ధరలోనూ, ఆ ధర మీద పన్నులోనూ మనకే అమ్ముతున్నట్టు గదా.

పద్దుల_పరిశీలకుడు

మీరన్నది చాలావరకు నిజం. రాష్ట్ర విద్యాశాఖ ఇచ్చే ఎ నుంచి ఎఫ్ గ్రేడ్లలో విద్యార్థి ఏడాదిలో ఎంత ఎదిగాడన్న అంశం కూడా ఉన్నది గాని, ఇల్లు కొనేవారు చూసేది పైన ఉన్న ఒక్క అక్షరాన్నే. డిస్ట్రిక్టు విలువ తెలియాలంటే మన పిల్లల మార్కులు చూడకూడదని నా అభిప్రాయం. అదే బడిలో బయట ట్యూషన్ లేని పిల్లవాడు, ఇంట్లో ఇంగ్లీషు మాట్లాడని పిల్లవాడు మూడో తరగతి నుంచి ఐదో తరగతికి ఎంత ముందుకు వచ్చాడో చూడాలి. ఆ వివరం బడి వారీగా, వర్గాల వారీగా ప్రచురితమవుతుంది. నేను మా డిస్ట్రిక్టుది తీసి చూశాను. ఒకే పన్ను రేటు కింద ఉన్న రెండు ప్రాథమిక పాఠశాలల మధ్య తేడా నేను అనుకున్నదానికన్నా చాలా ఎక్కువగా ఉంది. అందుచేత డిస్ట్రిక్టు మొత్తానికి కలిపి విలువ ఉన్నదా లేదా అన్న ప్రశ్న మీద నాకు ఇప్పుడు అంత నమ్మకం లేదు.

సబ్‌స్టిట్యూట్_టీచరమ్మ

బడి లోపలి నుంచి చూసేదాన్ని గనుక కొన్ని మాటలు. నేను మూడేళ్లుగా ఒక డిస్ట్రిక్టులో, రాని టీచరు బదులు పాఠం చెప్పే సబ్‌స్టిట్యూట్‌గా వెళుతున్నాను. ఈ ఏడాది ఒకే ఏడో తరగతి సైన్సు గదిలో ఏడు వారాలు ఉన్నాను, ఎందుకంటే ఆ టీచరు మధ్యలో మానేశారు, మరొకరు దొరకలేదు. నా చదువు కామర్సు. పిల్లలు మంచివాళ్లు గనుక నెట్టుకొచ్చాం. 2025 చట్టం వల్ల పెద్ద డిస్ట్రిక్టులలో మూడు నాలుగేళ్ల అనుభవం ఉన్న టీచరుకు ఏటా 2,500, ఐదేళ్లు నిండినవారికి 5,000 డాలర్లు పెరిగింది. అది మంచి పని. కాని ఆ డబ్బు టీచర్లకే కట్టుబడి వచ్చింది. బస్సు డ్రైవరుకు, తరగతి సహాయకులకు అదే చట్టం విడిగా ఇచ్చినది చాలా తక్కువ, అంతకు మించి ఇవ్వాలంటే డిస్ట్రిక్టు మామూలు నిధుల నుంచి వెతుక్కోవాలి.

ఇక మనవాళ్లకు తెలియవలసిన విషయం ఒకటున్నది. టెక్సాస్‌లో బడికి డబ్బు వచ్చేది పేరు నమోదైన పిల్లలను బట్టి కాదు, రోజూ సగటున హాజరైన పిల్లలను బట్టి. డిసెంబరులో సెలవులకు ముందు ఒక వారం, తరువాత ఒక వారం కలిపి మనం ఇండియాకు వెళతాం. నేను వెళ్లే బడిలో జనవరి మొదటి వారంలో కొన్ని గదులు సగం ఖాళీగా ఉంటాయి. టీచరు జీతం తగ్గదు, హీటరు ఆగదు, రావలసిన డబ్బు మాత్రం తగ్గుతుంది. డిస్ట్రిక్టు మన డబ్బు ఏం చేస్తున్నదని అడిగేటప్పుడు దీన్ని కూడా ఒక పక్కన రాసుకోవాలి.

పాతకాపు_ప్లేనో

టీచరమ్మ గారి మాట కాదనను. కాని బడికి డబ్బు చాలకపోవడం ఓటర్ల తప్పని ఎవరైనా అనేముందు ఫ్రిస్కోను చూడండి. 2024 నవంబరులో అక్కడ పన్ను రేటు పెంపును, దానితో పాటు పెట్టిన బాండ్లను కూడా ఓటర్లు తిరస్కరించారు. 2016లో కూడా రేటు పెంపును తిరస్కరించి, 2018లో ఆమోదించినవారే. అంటే వారు బడికి శత్రువులు కారు. నమ్మకం కలిగినప్పుడు ఇచ్చారు, కలగనప్పుడు ఇవ్వలేదు.

వ్యాలీ_రాంచ్_వాసి

న్యాయంగా కొంత బ్యాలెట్టు వైపు కూడా చూడండి. 2019 చట్టం ప్రకారం ప్రతి స్కూలు బాండు ప్రతిపాదనలోనూ ‘ఇది ఆస్తి పన్ను పెంపు’ అన్న వాక్యం పెద్ద అక్షరాలతో అచ్చువేయాలి, రేటు పెరగకపోయినా సరే. ఆ వాక్యం చదివి ఎవరు ఔనంటారు? పైగా, పాతకాపు గారూ, తప్పుగా అనుకోవద్దు, మీరు అరవై ఐదు దాటారని లోగడ ఒక చర్చలో రాశారు. ఆ వయసు వచ్చిన ఏటి స్కూలు పన్నే మీకు పైహద్దు. ఆ తరువాత రేటు పెరిగినా ఆ ఇంటి మీద అది దాటదు. మీకు భారం పెరగదు, ఓటు ఉంది. నాకు భారం పెరుగుతుంది, ఓటు లేదు.

పాతకాపు_ప్లేనో

బాణం తగలవలసిన చోటే తగిలింది, ఒప్పుకుంటాను. నా పన్ను పెరగదన్నది నిజమే. నాకు మిగిలిన కోపం, మా పిల్లలు చదివిన మిడిల్ స్కూలుకు తాళం వేశారన్నదే కావచ్చు. కుర్రాళ్ల జంటలు కొనలేనంతగా మా వీధి ఇళ్ల ధరలు పెరిగాయి, మావంటి ముసలివాళ్లం కదలం, పిల్లలు ఎక్కడి నుంచి వస్తారు? ఈసారి బోర్డు ఎన్నికకు అభ్యర్థులు మా ఇంటికి వస్తారు గదా. మీ అద్దె ప్రశ్న, హాజరు ప్రశ్న నేను అడిగి వారి జవాబు ఇక్కడ రాస్తాను.

విశ్రాంత_హెడ్మాస్టరు

అడగండి. పనిలో పనిగా మూసిన బడిలోని లైబ్రరీ పుస్తకాలు ఎక్కడికి చేర్చారో కూడా కనుక్కోగలరు.

కొలిన్_గృహస్థుడు

మే 15 లోపల ఇంటి విలువ మీద ప్రొటెస్ట్, అంటే అభ్యంతరం, వేస్తాను, అది వదలను. టీచరమ్మ గారు చెప్పాక మాత్రం మా డిసెంబరు టికెట్లు తీసి చూశాను. అబ్బాయికి ఎనిమిది బడి రోజులు పోతాయి. 6,215ను సుమారు 175 రోజులతో భాగిస్తే రోజుకు ముప్పై ఐదున్నర డాలర్లు. ఎనిమిది రోజులకు డిస్ట్రిక్టు పోగొట్టుకునేది దాదాపు 284 డాలర్లు. టికెట్ల తేదీ మార్చడానికి నలుగురికీ కలిపి విమాన సంస్థ అడుగుతున్నది అంతకు మూడు రెట్లు. మా ఆవిడ ఇంకా ఒప్పుకోలేదు, వాళ్ల చెల్లెలి గృహప్రవేశం జనవరి 6న.